డ్రిల్లు హాలు పైకప్పు

పాత తువ్వాలును నిలువుగా మడిచి, మళ్ళీ అడ్డంగా మడిచి, ఎత్తుగా కనబడకుండా అరచేత్తో గట్టిగా నొక్కి, డ్రిల్లు మాస్టారు దాన్ని లోదుస్తుల్లో సర్దుకున్నాడు. పైన ముదురు నీలం ప్యాంటు తొడుక్కుని బెల్టు బిగించాడు. స్నానాలగదిలోనే అటూ ఇటూ నాలుగడుగులు వేశాడు. ఒకసారి వంగి చూశాడు. ఒకసారి గొంతుక్కూర్చుని లేచాడు. తువ్వాలు కదల్లేదు.

బయట నుంచి భార్య తలుపు తట్టింది.

"లోపల ఏం చేస్తున్నారండీ ఇంతసేపు? కాఫీ చల్లారిపోతోంది."

"నువ్వు తాగెయ్. నాకొద్దు."

"ఈ మధ్య మీకన్నీ వద్దే."

కాఫీ తాగితే మొదటి పీరియడు గడవదు. ఆ మాట చెప్పాలంటే అంతకు ముందు మాట చెప్పాలి, దానికి ముందు ఇంకో మాట. రాత్రి తడిసిన తువ్వాలును బకెట్లోంచి తీసి పిండి, పెరటి గోడ వెనక, వీధిలోకి కనబడనిచోట ఆరేసి వచ్చాడు. ఆపరేషన్ అయిన దగ్గర్నుంచి తన బట్టలు తనే ఉతుక్కుంటున్నాడు. పడుకోవడం కూడా ముందుగదిలో నవారు మంచం మీదికి మార్చుకున్నాడు. నిద్ర పట్టడం లేదని, అటూ ఇటూ దొర్లి ఆవిడ నిద్ర చెడగొట్టడం ఇష్టం లేదని చెప్పాడు. ఆవిడ దిండు తెచ్చి ఇచ్చింది.

ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ ఆయన తెల్ల ప్యాంటు, తెల్ల చొక్కా, తెల్ల కాన్వాసు బూట్లు తప్ప వేసి ఎరగడు. దూరం నుంచి తెల్లగా, నిటారుగా ఏది కనిపించినా ఊళ్ళో "అదుగో డ్రిల్లు మాస్టారు" అనేవాళ్ళు. ఒకసారి కొత్తగా సున్నం వేసిన మైలురాయిని చూసి ఎవరో నమస్కారం పెట్టారని స్టాఫ్ రూములో ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతారు. ఆపరేషన్ అయ్యాక తెలుపు మానేశాడు. మురికి కనబడుతోందని భార్యకు చెప్పాడు. అందులో అబద్ధమేమీ లేదు.

పెద్ద ఆస్పత్రిలో డాక్టరు ముందే చెప్పాడు. ప్రోస్టేట్ గ్రంథి తీసేశాక కొన్నాళ్ళు మూత్రం మీద పట్టు ఉండదు, దగ్గినా నవ్వినా బరువెత్తినా జారిపోతుంది, కొన్ని నెలల్లో సర్దుకుంటుంది, సర్దుకోకపోతే మళ్ళీ రండి, మార్గాలున్నాయి అని. నెలలు గడిచాయి. సర్దుకోలేదు. ఆయన మళ్ళీ వెళ్ళలేదు. ఊళ్ళో చిన్న ఆస్పత్రిలో చూపించుకుందామంటే అక్కడి డాక్టరు ఆయన శిష్యుడు, నర్సు ఆయన శిష్యురాలు. మందుల షాపులో పెద్దవాళ్ళకు కట్టే డైపర్లు దొరుకుతాయని తెలుసు. కానీ ఆ షాపు యజమానికి తలకిందులుగా నిలబడడం నేర్పింది ఆయనే. ఊళ్ళో నడివయసు దాటనివాళ్ళ కాళ్ళూ చేతులూ ఆయన పట్టుకుని వంచనివి లేవు. వంచుతూ ప్రతివాళ్ళకూ ఒకటే మాట చెప్పేవాడు: "ఒంటిని నువ్వు ఏలాలిరా. అది నిన్ను ఏలకూడదు."

ఇప్పుడు ఆ మాట ఎవరికీ చెప్పడం లేదు.

తెల్లవారుజామున కురిసిన వాన అప్పుడే వెలిసింది. వీధి గుంటల్లో నీళ్ళు నిలిచాయి. మాస్టారు నడకలో వేగం తగ్గించి, గుంటలు దాటకుండా చుట్టి వెళ్ళాడు. ఒకప్పుడు వాటిని గెంతి దాటి, వెనకొచ్చే పిల్లల వైపు తిరిగి చూసేవాడు.

బడి రోడ్డు చివర ఉంది. ఎర్ర ఇటుకల రెండంతస్తుల భవనం, పొడవాటి వరండా, ముందు మెట్లు మధ్యలో అరిగి గిన్నెల్లా గుంటలు పడ్డాయి. దాని పక్కనే, దానికన్నా ఎత్తుగా, డ్రిల్లు హాలు. ఊళ్ళో నూలు మిల్లు బాగా నడిచిన రోజుల్లో మిల్లు యజమాని కట్టించి ఇచ్చాడు. మిల్లు మూతపడింది. యజమాని మనవలు ఎక్కడున్నారో ఎవరికీ తెలియదు. హాలు మిగిలింది. బడిలో తరగతి గదులన్నీ కారతాయి. వాన గట్టిగా కురిస్తే పరీక్షలు రాసే పిల్లలు బల్లలు మోసుకుని డ్రిల్లు హాల్లోకే వస్తారు. హాల్లో ఇంతవరకూ ఒక్క చుక్క పడలేదు. పెద్ద పెద్ద దూలాలు, వాటి మీద వాసాలు, వాటి మీద దగ్గర దగ్గరగా పరిచిన పలకలు, పైన పెంకు. పిల్లలు వెల్లకిలా పడుకుని పొట్ట కసరత్తులు చేసేటప్పుడు ఆ పైకప్పును చూస్తూ లెక్క తప్పిపోయేవాళ్ళు. ఏదో పెద్ద పడవను బోర్లించినట్టుందని ఒక పిల్ల అంది ఒకసారి. అది నిజమేననిపించి, ఆ రోజు ఆయన కూడా పిల్లలతో పాటు పడుకుని చూశాడు.

తాళం తీశాడు. కొయ్య, తోలు, కొబ్బరి పీచు పరుపులు, ఏళ్ళ తరబడి పిల్లల చెమట, అన్నీ కలిసిన వాసన. ఒక మూల నుంచి ఆయా పొడుగు కర్ర చీపురుతో నేల తుడుస్తూ వస్తోంది. ఆవిడ పక్క తలుపు లోంచి ముందే వస్తుంది. ఆయన తల ఊపాడు, ఆవిడ తల ఊపింది. ఇన్నేళ్ళలో వాళ్ళిద్దరూ మాట్లాడుకున్నదంతా కలిపినా ఒక పూట మాటలు కావు. గోడకు బిగించిన కడ్డీల నిచ్చెనలు, దూలానికి వేలాడే తాళ్ళు, జంట కడ్డీలు, తోలు తొడిగిన కొయ్యగుర్రం. గుర్రం వీపు మీద తోలు నున్నగా, గోధుమరంగుగా మెరుస్తోంది. దాని పొట్టమీద ఏదో తరం పిల్లలు మేకుతో చెక్కిన బొమ్మలు అలాగే ఉన్నాయి.

ఆ రోజు ఇంజనీరు వస్తాడు. హైవే పక్కన కొత్త బడి కడుతున్నారు. పాత భవనాన్ని పడగొట్టి స్థలం ఊరికి ఇచ్చేస్తారు. డ్రిల్లు హాలును మాత్రం ఉంచేద్దామని, సాయంత్రాలు ఊళ్ళో పిల్లలందరికీ అక్కరకొస్తుందని హెడ్మిస్ట్రెస్ గట్టిగా పట్టుబట్టింది. ఆవిడ ఈ బడిలోనే చదువుకుంది. రెండు జడలు వెనక్కి ముడేసుకుని తాడు పైదాకా ఎక్కి, దిగమంటే దిగనని మొండికేసిన పిల్ల. ఇంజనీరు చూసి కట్టడం గట్టిగా ఉందంటే కమిటీ ఒప్పుకుంటుంది. మందుల షాపు యజమాని ఆ కమిటీలో పెద్ద; హాలు కూడా తీసెయ్యాలన్నది ఆయన వాదన.

"మీరు పక్కనుండండి మాస్టారూ. ఈ హాలు గురించి మీకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుసు?" అంది ఆవిడ ముందు రోజే.

మొదటి రెండు పీరియడ్లూ బాగానే గడిచాయి. ఈ మధ్య ఆయన పాఠం కుర్చీలోంచే నడుపుతున్నాడు. ఏదైనా చేసి చూపించాల్సి వస్తే చురుకైన పిల్లనెవరినైనా పిలుస్తాడు. "మోచెయ్యి వంచకు. ఆఁ, అలా. చూశారా?" అంటాడు. గొంతు పిడచగట్టుకుపోయి విజిల్ సరిగ్గా పలకలేదు. పెదాలు నాలుకతో తడుపుకుని మళ్ళీ ఊదాడు. గంట కొట్టగానే పిల్లలకంటే ముందు బయటపడి, పరుగులా కనబడని నడకతో పెరడు దాటి మరుగుదొడ్డికి వెళ్ళొచ్చాడు. ఆ నడక ఆయన ఈ మధ్యే నేర్చుకున్నాడు. అరవై దగ్గరపడుతుండగా కొత్తగా నేర్చుకున్న ఒకే ఒక్క విద్య.

భోజనాల వేళ స్టాఫ్ రూములో తలుపు పక్క కుర్చీలో కూర్చున్నాడు. డబ్బాలో ఉన్నది సగం తిని మూత పెట్టాడు. లెక్కల మాస్టారు అందరికీ గ్లాసుల్లో నీళ్ళు పోస్తూ ఆయన దగ్గర ఆగాడు.

"ఈయనకి పోయక్కర్లేదండీ. ఈయనది ఒంటె జాతి. ఒకసారి తాగితే వారం ఆగుతుంది."

అందరూ నవ్వారు. డ్రిల్లు మాస్టారూ నవ్వాడు, జాగ్రత్తగా, పొట్ట కదలకుండా.

"కాదండీ, నిజంగానే అడుగుతున్నాను. ఈయన నీళ్ళు తాగగా మీలో ఎవరైనా చూశారా? పాతికేళ్ళ పిల్లాడిలా అలా సన్నగా ఉండడానికి కిటుకు ఇదేనేమో. మాకూ చెప్పండి మాస్టారూ."

అందరూ ఆయన వైపే చూస్తున్నారు. ఎవరూ ఏదీ కనిపెట్టలేదు. అయినా ఆయన చెవులు వేడెక్కాయి. గ్లాసు అందుకుని గటగటా తాగేశాడు. ఖాళీ గ్లాసు బోర్లించి చూపించాడు. లెక్కల మాస్టారు చప్పట్లు కొట్టాడు. చల్లటి నీళ్ళు పొద్దుటి నుంచీ ఎండిన గొంతులోంచి దిగుతుంటే ప్రాణం లేచొచ్చింది. చెయ్యి దానంతటదే మళ్ళీ చాచింది. రెండో గ్లాసు ఎవరూ బలవంతం చెయ్యకుండానే తాగాడు.

ఇంజనీరు అనుకున్నదానికన్నా ముందే వచ్చాడు. లావుపాటి మనిషి, మెట్లెక్కేసరికి ఆయాసపడ్డాడు. చేతిలో చిన్న సుత్తి. కోపతాపాలు లేని మొహం. హాల్లోకి అడుగు పెట్టి తలెత్తి చూసి, నోరు తెరిచి అలాగే ఉండిపోయాడు.

"అబ్బో," అన్నాడు.

వెంట వచ్చిన మందుల షాపు యజమాని, హెడ్మిస్ట్రెస్ పునాదులు చూడడానికి వెనకవైపు వెళ్ళారు. ఆయా పక్క వరండాలో కడుగుతోంది. ఇంజనీరు, మాస్టారు కలిసి కొయ్య నిచ్చెనను లాక్కొచ్చి దూలానికి ఆనించారు. బరువైన నిచ్చెన. ఎత్తినప్పుడే మాస్టారుకు లోపల ఏదో సన్నగా హెచ్చరించింది.

"గట్టిగా పట్టుకోవాలి మాస్టారూ. నాకు ఎత్తంటే భయం."

"మరి ఈ ఉద్యోగం ఎలా చేస్తున్నారు?"

"భయపడుతూనే. మా ఆవిడకి తెలీదు లెండి." నవ్వుతూ మొదటి మెట్టు ఎక్కాడు.

మాస్టారు రెండు చేతులా నిచ్చెన పట్టుకుని కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడ్డాడు. ఇంజనీరు ఒక్కో మెట్టూ ఆగి ఆగి ఎక్కాడు. పైకి చేరి, ఒక చేత్తో దూలాన్ని కావలించుకుని రెండో చేత్తో సుత్తితో కొట్టసాగాడు. టక్. టక్. ప్రతి దెబ్బా చెవి పెట్టి విని, ఇంకో చోట కొడుతున్నాడు. నిచ్చెన కాళ్ళు నున్నటి నేల మీద జారాలని చూస్తున్నాయి. మాస్టారు ఒక బూటు అడ్డం పెట్టి బలమంతా చేతుల్లోకి తెచ్చుకున్నాడు. చేతుల్లోకి తెచ్చుకున్న బలం వేరే చోట వదులైంది.

"ఇంకా ఎంతసేపండీ?" అని అడిగాడు.

"ఇదుగో, ఆ చివర చూసేస్తే అయిపోతుంది. వదలకండి!"

వదిలేస్తే మనిషి పడిపోతాడు. మాస్టారు పళ్ళు బిగించాడు. కళ్ళు మూసుకుని, ఆస్పత్రిలో చెప్పినట్టు కింది కండరాలు బిగబట్టాడు. ఎందరి కండరాలనో మాట వినేలా చేసినవాడు. అవి వినలేదు. మొదట వెచ్చదనం తెలిసింది. తువ్వాలు నానింది. ఆ తర్వాత ఎడమ కాలి వెంట సన్నటి ధార దిగి, మేజోడులోకి, బూటులోకి, అక్కడి నుంచి నేల మీదికి. ఆపడానికి ఎంత ప్రయత్నించినా ఆగలేదు. ఆయన నిచ్చెన వదల్లేదు.

పైనుంచి ఇంజనీరు గొంతు సంతోషంగా వినిపించింది. "ఎక్కడా మచ్చన్నది లేదు మాస్టారూ! పొద్దున అంత వాన పడిందా, పలకలు చూస్తే చుక్క తడి లేకుండా పొడిగా ఉన్నాయి. ఇంకో తరం పిల్లలు నిక్షేపంగా ఎగరొచ్చు ఇక్కడ."

"అలాగా," అన్నాడు మాస్టారు.

దిగేటప్పుడు ఇంజనీరు చూపంతా తన కాళ్ళ మీదా మెట్ల మీదా ఉంది. నేల మీదికి చేరగానే మొహం తుడుచుకుని, వెనక ఉన్నవాళ్ళకు ఈ మాట చెప్పాలని తొందర తొందరగా తలుపు వైపు నడిచాడు. మాస్టారు కొయ్యగుర్రం చాటుకు జరిగి, అక్కడి నుంచి సామాన్ల గదిలోకి దూరి తలుపు వేసుకున్నాడు. సంచిలో వేరే ప్యాంటు ఎప్పుడూ ఉంటుంది. తడి బట్టలు పీచు పరుపుల వెనక్కి తోశాడు. తిరిగి వెళ్ళి నేల తుడవాలి, ముందు నేల తుడవాలి అనుకుంటూ ఏదైనా గుడ్డ కోసం వెతికాడు.

తలుపు తీసేసరికి ముగ్గురూ లోపలికి వచ్చేశారు. హెడ్మిస్ట్రెస్ మొహం వెలిగిపోతోంది. "చెప్పానా?" అంటోంది మందుల షాపు యజమానితో. ఆయన నిచ్చెన దగ్గర ఆగి కిందికి చూశాడు.

"ఇక్కడ ఈ తడేంటి?"

నేల మీద జానెడు మేర నీళ్ళు. మెరుగు పెట్టిన కొయ్య మీద అద్దంలా మెరుస్తున్నాయి.

ఆయా అప్పటికే పక్క తలుపులోంచి గుడ్డా బకెట్టూ పట్టుకుని వచ్చింది. నేల వైపు చూసింది. సామాన్ల గది గుమ్మంలో గోధుమరంగు ప్యాంటుతో నిలబడ్డ మాస్టారు వైపు చూసింది. పొద్దున వేసుకున్నది నీలం. చిన్న తరగతుల పిల్లల వెనక జీవితమంతా గుడ్డ పట్టుకుని తిరిగిన మనిషికి ఇంకేమీ చెప్పనక్కర్లేదు. గబుక్కున మోకాళ్ళ మీద కూర్చుని ఆ తడిని తుడిచేస్తూ, తలెత్తకుండా అంది.

"పైనుంచి కారిందండీ. వాన నీళ్ళు."

ఇంజనీరు తలెత్తి పైకప్పును చూశాడు. ఆయన మొహంలో సంతోషం ఆరిపోయింది.

"నేను చూసినప్పుడు పైన పొడిగానే ఉందే," అన్నాడు నెమ్మదిగా. "అంటే పలకకీ పెంకుకీ మధ్య చేరి, ఎక్కడెక్కడో తిరిగి ఇక్కడ పడుతోందన్నమాట. అది ఇంకా చెడ్డది. లోపల్లోపల కుళ్ళుతుంది, పైకి తెలీదు." మాస్టారు వైపు తిరిగాడు. "మీరు చెప్పండి. ఇదివరకు కూడా ఇలా కారేదా?"

ఒక్క మాట చాలు. 'లేదు' అంటే చాలు. కానీ లేదంటే ఆ నీళ్ళు ఎక్కడివి? ముగ్గురూ ఆయన్నే చూస్తున్నారు. తాడు దిగనని మొండికేసిన ఆ పిల్ల కూడా, మెడలో కళ్ళజోడు తాడుతో, నెరుస్తున్న జుట్టుతో, ఆయన్నే చూస్తోంది.

"అప్పుడప్పుడూ," అన్నాడు మాస్టారు.

"మేం చదువుకునేటప్పుడు కారేది కాదే!" అంది హెడ్మిస్ట్రెస్.

"ఈ మధ్యే."

ఇంజనీరు నిట్టూర్చాడు. "మీ అంతటివారు చెప్పాక ఇంకేముంది. పెంకు మొత్తం విప్పి చూస్తే గానీ సంతకం పెట్టలేను. అంతవరకూ పిల్లల్ని లోపలికి రానివ్వకండి."

"పెంకు విప్పించే స్తోమత కమిటీకి లేదు," అన్నాడు మందుల షాపు యజమాని. ఆయన గొంతులో కూడా గెలిచిన సంతోషం లేదు. "నాకూ బాధగానే ఉంది మాస్టారూ. నేను తలకిందులుగా నిలబడింది ఇక్కడే కదా."

ఆయా తుడిచిన చోట, కారే నీళ్ళు పట్టడానికన్నట్టు, ఖాళీ బకెట్టు పెట్టింది. ఎవరూ ఇక ఆ నేలను పరీక్షగా చూడకుండా ఉండాలని.

సాయంత్రం పిల్లలందరూ వెళ్ళిపోయాక ఆవిడ సామాన్ల గది దగ్గరికి వచ్చింది. మాస్టారు తడి బట్టలు సంచి అడుగున కుక్కుతున్నాడు. ఆవిడ గుమ్మం బయటే ఆగింది.

"హాలు పడగొట్టేస్తారంట కదండీ."

ఆయన సంచి మూతి బిగించాడు.

"నాకు తెలీదు మాస్టారూ. ఏదో నోటికొచ్చింది అనేశాను. మీ పరువు... అదే, అప్పటికి గండం గట్టెక్కితే చాలనుకున్నాను. ఇప్పుడెళ్ళి చెప్పేస్తాను. నేనే బకెట్టు ఒలకబోసి, తిడతారని అబద్ధమాడానని చెప్పేస్తాను. నన్ను నాలుగు తిడతారు, అంతేగా."

"వద్దు."

"ఏం కాదండీ, తిట్లు నాకు కొత్త కాదు."

"వద్దన్నానా! అలా చెబితే నన్నడుగుతారు. అప్పుడప్పుడూ కారుతుందని నువ్వెందుకన్నావని నన్నడుగుతారు."

ఆవిడ గొంతు తగ్గించి అంది. "మా ఇంటాయనకీ ఇంతేనండి, పోయేముందు నాలుగేళ్ళు. దీనికి సిగ్గెందుకు మాస్టారూ? ఒళ్ళన్నాక..."

"నువ్వెళ్ళు," అన్నాడాయన.

తన గొంతు అంత కరుగ్గా వస్తుందని ఆయన అనుకోలేదు. ఆవిడ వెళ్ళిపోయింది. తనను కాపాడిన మనిషి మీద తనకు వచ్చింది కోపమని గుర్తించేసరికి ఆయనకు తల కొట్టేసినట్టయింది. ఇన్నేళ్ళలో ఆవిడతో మొదటిసారి ఇన్ని మాటలు మాట్లాడాడు. అందులో ఒక్కటీ మంచి మాట లేదు.

చెప్పేద్దామనే హెడ్మిస్ట్రెస్ గదికి వెళ్ళాడు. దారిలో మాటలు కూర్చుకున్నాడు. అమ్మా, ఆ నీళ్ళు వాన నీళ్ళు కావు. అంతే, అంతకన్నా అక్కర్లేదు, మిగతాది ఆవిడే అర్థం చేసుకుంటుంది. అర్థం చేసుకున్నాక తన ప్యాంటు వైపు చూస్తుంది. చూడకుండా ఉండడానికి ప్రయత్నిస్తుంది. అది ఇంకా ఘోరం.

"రండి మాస్టారూ, కూర్చోండి." ఆవిడ లేచి కుర్చీ లాగింది.

"అమ్మా, ఆ నీళ్ళు..." అన్నాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

ఆవిడ వచ్చి ఆయన చెయ్యి పట్టుకుంది. "నాకు తెలుసు మాస్టారూ. మీరేం చెప్పొద్దు. ఇంకెవరైనా అయితే హాలు కోసం కారడం లేదనే చెప్పేవాళ్ళు. మీరు పిల్లల క్షేమమే చూశారు. మీ ప్రాణం ఎంత కొట్టుకుని ఉంటుందో నాకు తెలీదా?"

ఆయన ఆ చేతిని తోసెయ్యలేదు. తల కూడా అడ్డంగా ఊపలేదు. ఆవిడ ఓదార్చినంతసేపూ ఓదార్పు పుచ్చుకుని, చొక్కా అంచుతో కళ్ళు తుడుచుకుని బయటికి వచ్చాడు. వరండాలో లెక్కల మాస్టారు ఎదురై, ఈసారి హాస్యమాడకుండా పక్కకు తప్పుకుని దారి ఇచ్చాడు.

ఇంటికి వెళ్ళాక సంచి ఖాళీ చెయ్యడం మరిచిపోయాడు. భార్య డబ్బా కోసం సంచి తెరిచింది. తడి ప్యాంటు, తువ్వాలు బయటికి తీసింది. వాసన చూసింది. ముందుగదిలోకి వచ్చి ఎదురుగా నిలబడింది. ఇంక దాచడానికి ఆయనకు ఓపిక లేకపోయింది. నేల చూపులు చూస్తూ మొదటి నుంచీ చెప్పాడు. ఆపరేషన్ తర్వాత పట్టు తప్పడం, తువ్వాళ్ళు, నిచ్చెన, ఆయా, ఇంజనీరు. ఆవిడ వింటూ వింటూ మంచం అంచున కూర్చుంది.

"ఇదా?" అంది. "నేను ముసలిదాన్నయిపోయానని, నా పక్కన పడుకోవడం మీకు రోత పుట్టిందని అనుకున్నాను. ఇన్నాళ్ళూ అదే అనుకున్నాను."

ఆయన తలెత్తి చూశాడు. తెలిస్తే ఆవిడ సిగ్గుపడుతుందని దాచాడు గానీ, ఇన్నాళ్ళూ ఆవిడ ఇలాంటి సిగ్గును మోసిందని ఎన్నడూ ఊహించలేదు.

"దీనికి హాలు మూయించారా?" అంది ఆవిడ. తిట్టినట్టు కాదు. నిజంగానే అర్థం కాక అడిగినట్టు.

"ఊఁ."

"పొద్దున్నే వెళ్ళి చెప్పండి."

"ఊఁ."

పొద్దున వెళ్ళాడు. హెడ్మిస్ట్రెస్ ఫోనులో మాట్లాడుతోంది. "మా డ్రిల్లు మాస్టారే ఒప్పుకున్నారండీ. ఆయన నోట అబద్ధం రాదు," అంటోంది. గుమ్మం దాకా వెళ్ళినవాడు వెనక్కి తిరిగాడు. ఆ తర్వాతి రోజు వెళ్ళడం ఇంకా కష్టమైంది. వారం దాటాక, చెబితే ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదన్న దానికి కూడా జవాబు కావలసి వచ్చింది. హాలుకు పెద్ద తాళం పడింది. పిల్లలు వరండాలో, వాన లేనప్పుడు పెరట్లో కసరత్తులు చేశారు. భార్య రెండుమూడుసార్లు అడిగి మానేసింది. పడక మాత్రం లోపలి గదికి మార్పించింది. మంచం మీద రబ్బరు గుడ్డ పరిచి, దాని గురించి ఒక్క మాటా అనలేదు. ఆవిడే ఆయన్ని వెంటబెట్టుకుని పెద్ద ఆస్పత్రికి కూడా తీసుకెళ్ళింది.

వానాకాలం ముగియకముందే ఆయన ముందస్తుగా ఉద్యోగం మానుకున్నాడు. భార్య తమ్ముడి ఊళ్ళో ఒక చిన్న వాటా చూసుకున్నారు. వరండాలో జరిగిన వీడ్కోలు సభలో మందుల షాపు యజమాని మాట్లాడాడు. హాలు లేని బడిలో ఉండలేక మాస్టారు వెళ్ళిపోతున్నారని, నిజాయితీ అంటే ఏమిటో ఆయన దగ్గర నేర్చుకోవాలని అన్నాడు. పిల్లలు చాలాసేపు చప్పట్లు కొట్టారు. ఆయన చేతులు జోడించి, చూపు బూట్ల మీదికి దించుకుని నిలబడ్డాడు. వెనక వరసలో ఆయా చప్పట్లు కొట్టలేదు. ఆయన్ని చూడనూ లేదు.

సభ అయ్యాక హెడ్మిస్ట్రెస్ తాళంచెవి చేతిలో పెట్టింది. "మీ వస్తువులేమైనా ఉంటే తెచ్చుకోండి. తీరిగ్గా చూసి రండి, పర్వాలేదు."

బయట వాన దంచి కొడుతోంది. ఆయన హాలు తలుపు తీసి లోపలికి వెళ్ళాడు. పెంకుల మీద వాన హోరుకు చెవులు గింగుర్లెత్తుతున్నాయి. తెచ్చుకోవలసినవేమీ లేవు. తాళ్ళు ఎవరో తీసుకుపోయారు. కొయ్యగుర్రం కూడా లేదు. ఆయా పెట్టినచోటే బకెట్టు ఉంది. దగ్గరికి వెళ్ళి లోపలికి చూశాడు. సన్నటి దుమ్ము, ఒక చచ్చిన కందిరీగ. ఇన్నాళ్ళూ కురిసిన వానలో ఒక్క చుక్క దానిలో పడలేదు.

పడగొట్టేముందు ఎవరైనా వచ్చి చూడొచ్చు. ఇంజనీరే రావచ్చు. మాస్టారు బకెట్టు అందుకుని తలుపు దాకా మోసుకెళ్ళాడు. చూరు నుంచి నీళ్ళు తాడులా జారుతున్నాయి. చెయ్యి చాపితే చాలు, నిమిషంలో సగం నిండుతుంది. గుమ్మంలో చాలాసేపు నిలబడ్డాడు. తుంపర మొహాన కొట్టింది. తర్వాత వెనక్కి నడిచి, నేల మీద దుమ్ములో గుండ్రంగా మిగిలిన జాగా వెతికి, బకెట్టును సరిగ్గా అక్కడే దించాడు. తాళం వేసి, చెవి హెడ్మిస్ట్రెస్ చేతికి ఇచ్చి, గొడుగు తెరుచుకుని భార్య ఎదురుచూస్తున్న బస్సు వైపు వెళ్ళిపోయాడు.

హాలు మధ్యలో, హోరెత్తుతున్న పైకప్పు కింద, బకెట్టు పొడిగా ఉంది.